ధరల కఱవు

కఱవులు రెండు విధములు. ఆకాశము కురియకపోవుటవలన కలుగునది యొకటి. అంగడి కొనకపోవుటవలన కలుగునది రెండవది. మొదటిదానిని కఱవని పిలుతుము. రెండవదానికి మన భాషలో నింతవఱకు పేరే లేదు. "ఈ యేడు ధర లేదు" అని నిట్టూర్చి యూరకుందుము. పేరు లేని రోగమునకు మందు పుట్టదు. కావున నేను దీనికి ధరల కఱవని పేరు పెట్టుచున్నాను. గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి బయళ్ళలో ప్రత్తియు మిరపయు పండించు కుటుంబములను నేడు కూల్చుచున్నది మొదటి కఱవుకంటె నీ రెండవ కఱవే యనియు, దీనిని నివారించుట దైవముయొక్క పని కాదు, ఏలువారి పని, మన పని యనియు నిరూపించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము. 2022లో నీ రెండు జిల్లాలు విడదీయబడి పల్నాడు, బాపట్ల మొదలగు క్రొత్త జిల్లా లేర్పడినను, భూమి మాఱలేదు, పంట మాఱలేదు. కావున పాత పేరులనే వాడుచున్నాను.

మొదటి కఱవు చరిత్రను ముందుగా స్మరింతము. నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు సీమయందు వానలు లేక సుమారు 5 లక్షల జనులలో రమారమి 2 లక్షలమంది నశించిరి. అంతటి నాశము జరిగిన తరువాతగాని యేలినవారికి కృష్ణా జలములు జ్ఞప్తికి రాలేదు. 1852లో ప్రారంభించి 1855 నాటికి బెజవాడయొద్ద ఆనకట్ట కట్టిరి. 1876-78 నాటి ధాత కఱవు చెన్నరాజధానిని శ్మశానము చేసిన పిమ్మట 1880లో కఱవు కమీషను నివేదిక నిచ్చెను; 1883లో కఱవు నిబంధనలు వెలువడెను. ఏ గుఱుతులు కనబడిన కఱవని యెంచవలెనో, ఎట్టి పనులు పెట్టవలెనో, కూలి యే లెక్కన నీయవలెనో అధికారులకు వ్రాతపూర్వకమైన విధి యేర్పడెను. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరము కూడ నా పరంపరలోనిదే. ఈ యేర్పాటులు సంపూర్ణములని నే ననను. కాలువ చివరి భూములకు నీరందని యేడులు నేటికిని కలవు. కాని యొక ధర్మము మాత్రము స్థిరపడినది: వాన కురియకపోవుట రైతు నేరము కాదు, అట్టివేళ నతనిని కాపాడుట ప్రభుత్వపు విధి.

ధర పడిపోయినపు డీ ధర్మ మెక్కడ దాగుకొనుచున్నది? వాన తప్పినపుడు "పాపము, రైతు" అను నోళ్ళే, ధర తప్పినపుడు "ఎవరు వేయుమన్నారు? అందఱును మిరప వేసిరి, అనుభవించుచున్నారు" అని పలుకుచున్నవి. మేఘమునకు క్షమ, రైతునకు నింద. రైతు మేఘమును శాసింపలేడు, నిజమే. ఐతే న్యూయార్కు నగరపు ప్రత్తి విపణిని శాసింపగలడా? చైనా దేశపు వర్తకుడు ఈ యేడు తేజ మిరప నెంత కొనునో విత్తనము వేయునాటికి తెలిసికొనగలడా? మేఘము కనీసము తలయెత్తి చూచిన కనబడును. ఈ రెండవ యాకాశము మన పల్లెలోని వానికి కనబడనైన కనబడదు.

విదేశవర్తకమును గూర్చి మనలో రెండు పక్షములు కలవు. సరిహద్దు ద్వారములను బార్లగా తెఱచినచో సంపద తానే ప్రవహించి పల్లెల పేదఱికమును కడిగివేయునని యొక పక్షము. విదేశవర్తకమే విషము, ద్వారములు మూసికొని మన పంట మనము తిని, మన బట్ట మనము కట్టికొనిన చాలునని రెండవ పక్షము. రెండును వాదసభలలో వినుట కింపుగా నుండును. రెండును మన నేలమీద నిలువవు.

రెండవ పక్షమువారికి ముందు ప్రత్యుత్తరము. గుంటూరికి కీర్తి తెచ్చిన మిరపకాయయే విదేశీయము. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి యోడలతో 16వ శతాబ్దమున మన దేశము చేరినది. అంతకుముందు మన తాతలు కారమునకు మిరియములనే యెఱుగుదురు. మఱి ప్రాచీనులు వర్తకమును ద్వేషించిరా? చినగంజాము చెంతనున్న మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన యభయశాసనము నేటికిని నిలిచియున్నది. తుపానుచే తీరమునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని సరకును పూర్వపు రాజులు హరించుచుండగా, తా నట్లు చేయక న్యాయమైన సుంకము మాత్రమే గైకొందునని ఆ రాజు వర్తకులకు మాట యిచ్చెను. ఆ శతాబ్దాంతమున నీ సీమను వర్ణించిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో యిచ్చటి సన్నని వస్త్రములను సాలెగూటితో పోల్చెను. సముద్రము మన కన్నము పెట్టిన కాలము కలదు. నేడు ద్వారము మూసినచో గుంటూరు యార్డులో దిగిన టిక్కీలన్నియు తినుటకు తెలుగువారి నోళ్ళు చాలవు. కావున మూసికొనుట మందు కాదు.

ఇక మొదటి పక్షమువారు. వీరికి పాఠ్యగ్రంథము రికార్డో అను నాంగ్లేయుడు 1817లో వ్రాసిన యర్థశాస్త్రము. ఏ దేశ మే వస్తువును సాపేక్షముగ సులువుగా చేయగలదో దానినే చేసి, తక్కినవి యితరులనుండి కొనినచో నందఱికిని లాభమని ఆయన సిద్ధాంతము. ఉదాహరణమున ఇంగ్లండునకు బట్టయు, పోర్చుగలునకు ద్రాక్షాసవమును కేటాయించెను. సిద్ధాంతమున తప్పు లేదు, చరిత్రనే దాచిపెట్టినది. ఇంగ్లండునకు బట్ట సహజమైన విద్య యెప్పుడైనది? 1611లో మచిలీపట్టణమున కొట్టు పెట్టిన కంపెనీవారు మన చీటిగుడ్డలను తమ దేశమునకు కొనిపోవగా, అచ్చటి నేతగాండ్రు మొఱపెట్టిరి. 1700లో నొక చట్టముచేత మన యద్దకపు బట్టల దిగుమతిని నిషేధించిరి. 1721లో వేఱొక చట్టముచేత వానిని ధరించుటనుగూడ నిషేధించిరి. రికార్డో గ్రంథమునాటికి ఆ చట్టమునకు నూఱేండ్లయినను నిండలేదు. తలుపు మూసి విద్య నేర్చికొనినవారు, నేర్చికొనిన పిమ్మట తలుపులు తెఱచుటయే ధర్మమని మనకు బోధించిరి. ఆ బోధ యైనను నిలుకడగా లేదు. మన దేశమున మరలు లేచి బట్ట నేయ మొదలిడగనే, 1896లో మన మరబట్టపై మన దేశముననే నూటికి మూడున్నర వంతున పన్ను వేసిరి. అది 1925వఱకు నిలిచెను. స్వేచ్ఛావర్తకమను పేరు ఒకటియే. బలవంతునకది హక్కు, బలహీనునకది యాజ్ఞ.

ఈ విధముగా బట్ట నమ్మిన దేశము దూది నమ్ము దేశమైనది. గుంటూరు, కృష్ణా సీమల ప్రత్తి కాకినాడ రేవు పేర కోకనాడ ప్రత్తి యని విపణిలో ప్రసిద్ధి కెక్కెను. 1861లో అమెరికాలో నంతర్యుద్ధము చెలరేగి లాంకషైరు మరలకు దూది యందకపోగా, వారి చూపు మన దేశముమీద పడెను, ధర లాకాశమునంటెను, ఎఱుగని గ్రామములకు బేరగాండ్రు వచ్చిరి. 1865లో యుద్ధము ముగిసెను. అమెరికా దూది మరల బయలుదేఱెను. మన దేశమున ధర లంతే వేగముగ పడిపోయెను. ఎక్కడి యుద్ధము, ఎక్కడి సంధి! పెరిగిన ధరకు కారణము మన రైతు కాదు, పడిన ధరకును కారణ మతడు కాదు. కాని యెచ్చట మంచి ధర నమ్మి యప్పుచేసి సాగు పెంచిరో, అచ్చట నా యప్పు మాత్రము రైతుదే. ధరల కఱవుయొక్క స్వరూప మంతయు నిందులోనే కలదు.

"అది పరాయి పాలన, ఇప్పుడు ప్రపంచ వాణిజ్య సంస్థ యున్నది, నియమము లున్నవి" అని యందురేమో. 1995 జనవరి 1వ తేదీన నా సంస్థ జనించినది. ఆ యేడు విపణిలో పౌను ప్రత్తి యొక డాలరును మించి పలికెను. 2001-02 నాటికి నది సుమారు 42 సెంట్లకు దిగజారెను. ఆ ధర నమెరికా రైతు తట్టుకొనినాడు. ఏలయన నచ్చటి ప్రభుత్వము సుమారు 25 వేలమంది ప్రత్తి రైతులకు నా యొక్క సంవత్సరముననే 300 కోట్ల డాలర్లకు మించిన సహాయమును పంచిపెట్టెను. సహాయము పొందినవాడు ధర పడినను సాగు మానడు. అతడు మానకపోవుటచే విపణిలో సరకు తఱుగదు. సరకు తఱుగకపోవుటచే ధర లేవదు. ఆ లేవని ధరకే మన పల్నాటి రైతు తన ప్రత్తి నమ్ముకొనవలెను. ఒకరి ధర్మసత్రము వేఱొకరి యాకలి యగుట యిట్లు.

దీనిమీద తగవు జరుగకపోలేదు. 2002లో బ్రెజిలు దేశము ప్రపంచ వాణిజ్య సంస్థయెదుట ఫిర్యాదు చేసెను. 2005 నాటికి తుది తీర్పు నమెరికాకు ప్రతికూలముగ వచ్చెను. ఐనను సహాయము నిలువలేదు. 2010లో బ్రెజిలు ప్రతీకార సుంకములకు సిద్ధపడగా నమెరికా యేమి చేసెను? తన రైతునకిచ్చు సహాయమును పూర్తిగా నాపుటకు మాఱుగా, బ్రెజిలు ప్రత్తి రైతులకు కూడ ఏటేట సుమారు 14 కోట్ల 73 లక్షల డాలర్లు చెల్లించుట కొప్పుకొనెను. 2014లో మఱి 30 కోట్ల డాలర్లిచ్చి తగవు తీర్చుకొనెను. దెబ్బ తిన్నవారనేకులు, గట్టిగా తిరుగబడిన యొక్కనికి మాత్రము సొమ్ము ముట్టెను. బెనిను, బుర్కినా ఫాసో, చాదు, మాలి యను నాలుగు పేద ఆఫ్రికా దేశములు 2003లోనే యిదే మొఱ పెట్టెను. బ్రెజిలునకు ముట్టినట్టి పరిహారము వారికి ముట్టలేదు. మన గుంటూరు రైతునకును ముట్టలేదు. కావున నియమములున్న మాట నిజము; నియమమును నెఱవేర్పించు బలము లేనివానికి నియమము గోడమీది పటము వంటిది.

అంతమాత్రమున నేర మంతయు పరదేశీయులపై నెట్టి మన చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. మన ప్రభుత్వము తన చేతనున్న ద్వారము నెట్లు నడపినదో విచారింతము. ధర పెరిగినపుడు: 2010 ఏప్రిలులో ప్రత్తి యెగుమతుల నమోదు నాపివేసిరి; 2010-11లో నెగుమతికి 55 లక్షల బేళ్ళని హద్దు పెట్టిరి; ఆ కాలముననే, 2011 మార్చిలో, ప్రపంచవిపణిలో పౌను ప్రత్తి రెండు డాలర్లను మించెను. 2012 మార్చి 5వ తేదీన మరల నెగుమతిని నిషేధించి, కొలదిదినములకే గగ్గోలు పుట్టగా వెనుకకు తీసికొనిరి. 2021లో దిగుమతి ప్రత్తిపై 11 శాతము సుంకము వేసిరి. ధర పెరుగగానే 2022లో ఏప్రిలునుండి అక్టోబరువఱకు దానిని తొలగించిరి. ఇది ధర పెరిగినప్పటి నీతి. మఱి ధర లేనపుడో? 2025 ఆగస్టులో, రైతు కప్పటికే ప్రత్తి వేసి కలుపు తీయుచున్నవేళ, దిగుమతి సుంకమును తొలగించిరి. సెప్టెంబరు చివరివఱకని చెప్పి, డిసెంబరు 31వఱకు పొడిగించిరి. అనగా మన ప్రత్తి యంగడికి వచ్చు నెలలలోనే పరదేశపు ప్రత్తికి ద్వారము తెఱువబడెను. ధర పెరిగిన నెగుమతి ద్వారము మూయుట, ధర పెరిగినను తఱిగినను దిగుమతి ద్వారము తెఱచుట. ఈ తలుపు రెండువైపులను తిరుగునది కాదు. ఎటు తిరిగినను రైతు వ్రేళ్ళే నలుగును.

ఇచ్చట నొక గట్టి యాక్షేపణము కలదు. "నూలు మిల్లులలోను, కుట్టు కొట్లలోను పనిచేయువారు పేదలు కారా? 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై 50 శాతము సుంకము వేయగా వారి జీవనములు తలక్రిందులు కాలేదా? దూది చౌకగా దొరకనిచో వారెట్లు బ్రదుకుదురు?" ఈ ప్రశ్న పరిహాసమున త్రోసివేయదగినది కాదు. వారును మనవారే; పల్లె వదలి పోయిన రైతుబిడ్డలే యందు పలువురు. వారిని తప్పక కాపాడవలెను. నే నడుగునది ఒక్కటియే: ఎవరి సొమ్ముతో? దేశ మంతయు కలిసి కట్టిన ఖజానానుండి వారిని కాపాడుట ధర్మము. ఆ భారమును తీసికొనిపోయి అయిదెకరముల ప్రత్తిరైతు ధరలో కోయుట ధర్మము కాదు. అమెరికా వేసిన సుంకమునకు గుంటూరు రైతు జరిమానా కట్టవలెనా? పైగా నా తెఱచిన ద్వారమున సుంకము లేక ప్రవేశించిన దూదిలో అమెరికా దూదియు నుండెను గదా!

మద్దతు ధర కలదు గదా యని మఱియొక యాక్షేపణము. ప్రత్తికి కలదు. 2025-26కు పొడవు పింజ ప్రత్తికి క్వింటాలునకు 8,110 రూపాయలని నిర్ణయించిరి. కొనుటకు 1970లో స్థాపింపబడిన కాటన్ కార్పొరేషన్ ఉన్నది. సంతోషము. కాని తేమ నూటికి 12 వంతులు మించరాదని నియమము. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను కురిసిన చేలలో ప్రత్తి తడియక నుండునా? అప్పువాడు వాకిట నిలిచియుండ, ప్రత్తి యెండువఱకు వేచియుండుట కెవరికి శక్తి కలదు? తడిసిన ప్రత్తి నడిగిన ధరకు వర్తకునకే పోయవలెను. అందును కొనుగోలు కేంద్రమున పేరు నమోదు కావలెను. నమోదునకు భూమి కాగితములు కావలెను. ఆ కాగితములు ఎవరి పెట్టెలో నున్నవో ముందు చెప్పుదును.

మిరపకైతే ఆ మద్దతైనను లేదు. మిరపకు కేంద్రప్రభుత్వము ఏటేట ప్రకటించు మద్దతు ధర లేదు. ధర కూలి, రైతులు రోడ్డెక్కి, పత్రికలు గోల చేసిన పిమ్మట ఏదో యొక తాత్కాలిక సహాయమును ప్రకటింతురు. 2017 మే నెలలో నట్లే క్వింటాలునకు 5,000 రూపాయలని ప్రకటించిరి. అప్పటికే చాలమంది రైతులు తెగనమ్ముకొనియుండిరి. 2023లో క్వింటాలు 20 వేల రూపాయలు దాటిన తేజ మిరప 2025 ఆరంభమున సుమారు సగమునకు పడిపోగా, ఆ ఫిబ్రవరిలో 11,781 రూపాయల ధరను 2 లక్షల 43 వేల టన్నులకు ప్రకటించిరి. ధరల కఱవునకు నిబంధనల గ్రంథము లేకపోవుటయే దీనికంతకును మూలము. ఎంత ధర పడిన కఱవని యెంచవలెను? ఎన్నిదినములలో కొనుగోలు ప్రారంభింపవలెను? ఎవరు బాధ్యులు? ఇవి యేవియు ముందుగా వ్రాయబడలేదు. 1883లో తెల్లదొరలు వాన కఱవునకు వ్రాసినపాటి గ్రంథమును, మన మెన్నుకొనిన ప్రభుత్వములు నేటికిని ధర కఱవునకు వ్రాయలేదు.

ఇట్టి యాలోచన నూతనమని యనుకొనరాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున పణ్యాధ్యక్షుడని యొక యధికారి కలడు. స్వదేశపు సరకుపై వర్తకుని లాభము నూటికి 5, పరదేశపు సరకుపై నూటికి 10 మించకుండ చూచుట ఆ గ్రంథమున విధింపబడినది. సరకు వెల్లువగా వచ్చి ధర పడునపుడు దాని నంతయు నొక్క ముఖముననే విక్రయింపించి, అది యమ్ముడుపోవువఱకు నితరు లమ్మరాదని కట్టడి చేయు నుపాయము కూడ నందు కలదు. ఆ కాలపు కట్టడుల నిప్పుడు యథాతథముగ నమలుపఱచుమని నే ననను. కాని ధర దైవికమని రెండువేల యేండ్లక్రిందటి రాజనీతియైనను ఒప్పుకొనలేదని మాత్ర మందును.

ప్రభుత్వము తలచిన చేయలేనిదియు లేదు. 2002లో అనుమతి పొందిన బీటీ ప్రత్తి విత్తనములు 450 గ్రాముల పొట్లము 1,850 రూపాయలకు నమ్ముచుండిరి. అందు పెద్ద భాగము మోన్సాంటో సంస్థయొక్క విద్యకు చెల్లు కట్నము. 2006లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఢిల్లీలోని గుత్తవ్యాపార నిరోధక కమీషనుయెదుట వ్యాజ్యము వేసి, పొట్లము ధరను 750 రూపాయలకు దింపెను. ఆకాశము విఱిగి పడలేదు. విత్తనములు మాయము కాలేదు. అంతటి సంస్థతో పోరాడి గెలిచిన ప్రభుత్వము పంట కొను విషయమున నిస్సహాయ యగుట యెట్లు? కొనునపుడు పనికివచ్చిన ధైర్యము అమ్మునపుడు కూడ పనికిరావలెను గదా!

ఇప్పుడు మన యింటికి వత్తము. ఈ పత్రికను చదువు మనలో పలువురకు పల్లెలో నయిదో పదో యెకరములున్నవి. మనము గుంటూరిలోనో, ఒంగోలులోనో, హైదరాబాదులోనో యుందుము. పిల్లలు అమెరికాలో నుందురు. భూమి కౌలున కిత్తుము. మిరప భూమికి కౌలు పలుచోట్ల సాగునకు ముందే చెల్లింపవలెను. అనగా వాన కురిసినను కురియకపోయినను, ధర నిలిచినను కూలినను, మన భాగము మనకు ముందే చేరినది. 2021లో పరదేశమునుండి వచ్చిన నల్ల తామరపురుగు మిరపతోటలను మాడ్చివేసినపుడు కౌలు వెనుకకిచ్చిన యజమానులెందఱు? చైనా వర్తకుని మనస్సు, అమెరికా ఖజానా, ఢిల్లీ సుంకములు, మేఘము, పురుగు, ఈ యయిదును కలిసి చేయు నష్టమునంతయు మోయువాడు భూమి లేని కౌలుదారు. లోకములోని గండములన్నియు కడపట వచ్చి చేరునది గండమును మోయుటకు నేమియు లేనివానియొద్దనే.

1980వ దశాబ్దమున నీ రెండు మండలముల ప్రత్తిని తెల్లదోమ నాశనము చేసెను. మందుమీద మందు కొట్టినకొలది పురుగు పెరిగెను, అప్పు పెరిగెను. 1987-88లో పదులకొలది ప్రత్తిరైతులు ప్రాణములు తీసికొనిరి. అప్పటినుండి నేటివఱకు నీ వార్త మన పత్రికలలో మానలేదు. మన మనస్సులలో మాత్రము పాతబడినది. మిరప కోతల నెలలలో మా తరగతిలో వెనుక బల్లలు ఖాళీ యగును. తల్లితోపాటు కూలికి పోయిన పిల్ల యేటికొకసారి వెనుకబడి, ఒక యేడు రానే రాదు. ప్రపంచవాణిజ్యమును గూర్చి పెద్దలు వ్రాయు లెక్కలలో నీ పిల్ల పేరుండదు. కాని ధరల కఱవునకు మొదట మాని పోవునది ఆమె చదువే.

2019లో ఆంధ్రప్రదేశమున పంటసాగుదారుల హక్కుల చట్టము వచ్చెను. కౌలుదారునకు 11 నెలల పత్రము నిచ్చి, బ్యాంకు అప్పును, పంటల బీమాను, నష్టపరిహారమును అతనికి చెందునట్లు చేయుట దాని యుద్దేశము. భూమిపై నతనికి హక్కేమియు రాదని చట్టముననే స్పష్టముగ వ్రాసిరి. ఆ పత్రమున కావలసినది భూయజమాని సంతకము. ఆ సంతకమే దొరకదయ్యెను. ఎవరు పెట్టలేదు? దౌర్జన్యపరులైన జమీందారులా? కాదు; చదువుకొనినవారము, సంస్కారులమని చెప్పుకొనువారము. "భూమి పోవునేమో" అను భయము. ఆ భయమునకు చట్టమున నాధారము లేదని చెప్పినను వినని భయము! ఫలితమేమి? సాగు చేయువాడొకడు, కాగితములపై రైతు వేఱొకడు. సహాయధనము యజమాని ఖాతాకు. అప్పు కౌలుదారు నెత్తికి. ఆ కాగితము లేని మిరపరైతు కమీషను కొట్టువానియొద్దనే పెట్టుబడి తెచ్చుకొని, ఆ కొట్టుకే టిక్కీలు దింపి, అతడు చెప్పిన ధరకే తల యూపవలెను. కోల్డు స్టోరేజీలో దాచి మంచి ధరకై వేచియుండుమని యతనికి బోధించుట పరిహాసమే. వేచియుండుటయు నొక సంపదయే, అది యతనికి లేదు.

కావున నేను కోరునది నాలుగు. మొదటిది: వాన కఱవునకున్నట్లే ధరల కఱవునకును నిబంధనలు ముందుగా వ్రాసి, మిరపకు సైతము ఒక ధర నిర్ణయించి, అంతకు దిగిన యిన్నిదినములలో కొనుగోలు జరుగవలెనని చట్టబద్ధము చేయవలెను. రెండవది: విత్తునాటికి నున్న ఎగుమతి దిగుమతుల సుంకములు పంట యమ్ముడగువఱకు రైతునకు కీడుగా మాఱరాదు, మిల్లులకు సహాయ మవసరమైన ఖజానానుండి చేయవలెను. మూడవది: ప్రపంచ వాణిజ్య సంస్థలో పేద దేశములతో, ముఖ్యముగ నా నాలుగు ఆఫ్రికా దేశములతో కలిసి, సంపన్నదేశముల ప్రత్తి సహాయములపై మన దేశము విడువక పోరాడవలెను, ఒంటిగా మొఱపెట్టినవాని గతి చూచితిమి గదా. నాలుగవది మనది.

మొదటి మూడింటికి ఉత్తరములు వ్రాయవలెను, ఓట్లు వేయవలెను, ఏండ్లు పట్టును. నాలుగవదానికి కలము చాలును. ఈ యేడు కౌలు మాటాడుకొనునపుడే మీ కౌలుదారుని పేర వ్రాతపత్రమున సంతకము పెట్టుడు. కౌలులో కొంత భాగమైనను పంట చేతికివచ్చిన తరువాత తీసికొనుడు; ధర కూలిన యేడు తగ్గించుకొనుటకు ముందే యొప్పుకొనుడు. గృహిణులారా, ఈ కాగితములు మీ పెట్టెలలో నుండును. మీ పేరుననే యున్న భూములును కలవు. ఈ విషయమున మీ మాటకు విలువ యెక్కువ. చట్టము రేపు మాఱి మీ సంతకమే యక్కఱలేకుండ చేయవచ్చును. అప్పుడు చేయునది విధేయత మాత్రమే యగును. ఇప్పుడు చేసినది ధర్మ మగును.

అమెరికా తన రైతుల కిచ్చు సహాయము నాపలేదని కోపించుటకు మనకు హక్కు కలదు. ఢిల్లీ ద్వారములు మన పల్లెవైపు తెఱచుకొనవని నిలదీయుటకును హక్కు కలదు. కాని మనము కూడ గండమును క్రిందివానిపైకి త్రోసి, లాభమును ముందే చేత పట్టుకొనువారమైతిమేని, ఆ దొరలకును మనకును గల భేదము దూరము మాత్రమే.